లాప్‌టాప్‌కు చల్లని చేయి

పికున్ పెద్దమ్మ నీలి కుండలో వేలు ముంచి, ఆ వేలిని నాలుకకు తాకించి, కాసేపు ఎటో చూస్తుంది. తర్వాత "చింతపండు చాలలేదు" అనో, "బూడిద నీళ్ళు ఎక్కువయ్యాయి" అనో అంటుంది. ఆమె చెప్పింది తప్పడం నేను చూడలేదు. థాయ్‌లాండ్‌లో మా సకోన్ నకోన్ వైపు రంగు కుండ రంగు పట్టించడం మానేస్తే కుండ పారిపోయింది అంటారు. పారిపోయిన కుండల్ని వెనక్కి తెప్పించుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు పెద్దమ్మ దగ్గరికే వస్తారు. ఆమెది చల్లని చేయి అంటారు. చల్లని చేయి నాటితే మొక్క బతుకుతుంది, కలిపితే కుండ నిలుస్తుంది. వేడి చేయి పడితే రెండూ చస్తాయి.

అలాంటి పెద్దమ్మది వేడి చేయి అని ఆ వానాకాలంలో మా ఇంట్లోనే తేలింది. తేల్చింది ఒక పాత లాప్‌టాప్.

పెద్దమ్మ చిన్నప్పుడు ఆరో తరగతితో బడి మానేసింది. ఊళ్ళో చంటిపిల్లల కేంద్రంలో ఏళ్ళ తరబడి సాయం చేస్తోంది. పిల్లలకు అన్నం తినిపించి, చాపల మీద నిద్రపుచ్చి, ఏడ్చేవాళ్ళను చంకన వేసుకుని తిరిగేది ఆమే. ఆ ఏడాది ఆ ఉద్యోగాన్ని పక్కా చేస్తామన్నారు. అయితే పన్నెండో తరగతి పాసైన కాగితం ఉండాలన్నారు. పెద్దమ్మ అప్పటికే పెద్దల చదువు కేంద్రంలో చేరి చివరి మెట్టు దాకా వచ్చింది. మిగిలింది ఒక్క పరీక్ష. అది ఇంట్లో కూర్చుని, వెబ్‌సైట్‌లో రాయాలి. ఈసారి తప్పితే మళ్ళీ ఆరు నెలల తర్వాతే. అప్పటికి ఆ చోట్లో ఇంకెవరో ఉంటారు.

పరీక్ష ఫోన్‌లో రాయనివ్వరు. అందుకని కేంద్రం వాళ్ళు తమ దగ్గరున్న పాత లాప్‌టాప్‌లు పెద్దవాళ్ళకు తలా ఒకటి ఇచ్చారు. మా ఇంటికి వచ్చిన దాని బ్యాటరీలన్నీ చచ్చిపోయాయి. ప్లగ్గు పీకితే అన్నీ మర్చిపోతుంది. మళ్ళీ పెట్టినప్పుడు నల్ల తెర మీద టైమూ తేదీ అడుగుతుంది, అవి నింపితే గాని కదలదు. పెద్దమ్మకు ఉరుములంటే భయం, కరెంటు వృథా అంటే ఒళ్ళు మంట. ఫ్రిజ్ తప్ప ఏ ప్లగ్గూ గోడకు ఉంచదు. కాబట్టి అది రోజూ పుట్టి రోజూ చచ్చేది.

దాంతో వచ్చిన చిక్కు ఏమిటంటే, పరీక్షల వెబ్‌సైట్ ఒకరోజు తెరుచుకునేది, ఒకరోజు తెరుచుకునేది కాదు. తెరుచుకోనిరోజు ఎర్ర త్రికోణం, కింద బారెడు ఇంగ్లీషు. సురక్షితమైన కనెక్షన్ కుదరలేదని పై వరుసలో ఉండేది. అంతవరకు నేను చదవగలిగాను. కింద చిన్న అక్షరాల జోలికి ఎవరమూ పోలేదు.

"లైను బాగాలేదు," అన్నాడు తోంగ్‌సాయ్ పెదనాన్న. ఇంటర్నెట్ పెట్టెను తీసుకుపోయి పై దూలానికి కట్టాడు. మర్నాడు వెబ్‌సైట్ తెరుచుకుంది. పెదనాన్న రెండు రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాడు. మూడోనాడు మళ్ళీ ఎర్ర త్రికోణం.

గురువారం సాయంత్రం అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు, చదువు కేంద్రం టీచర్ అరునీ గొంతు గ్రూప్ సందేశంగా ఫోన్‌లోకి వచ్చింది. "పికున్ అక్కా, కంసింగ్ బాబాయ్, మీ ఇద్దరిదీ లైను తరచూ పోతోంది. శనివారం సాయంత్రం నమూనా పరీక్ష పెడతాను. అందులోకి రాలేకపోతే మీ పేర్లు వచ్చే విడతకు మారుస్తాను. ఆదివారం అసలు పరీక్ష మధ్యలో తెగిపోతే మొత్తం పోతుంది, అంతకంటే ఇదే మేలు."

పెద్దమ్మ చేతిలో జిగురన్నం ముద్ద అలాగే ఉండిపోయింది.

"నేనొకటి గమనించానే," అన్నాడు పెదనాన్న. "ప్లగ్గు నిమ్ పెట్టినరోజు తెరుచుకుంటోంది. నువ్వు పెట్టినరోజు తెరుచుకోవట్లేదు."

నిమ్ అంటే నేను. ఆ మాట నిజమే. నాకూ కొన్నాళ్ళుగా అనిపిస్తోంది, కానీ పైకి అనలేదు.

"అయితే ఏమంటావు?" అంది పెద్దమ్మ.

"ఏమంటాను. వయసు మీద పడ్డాక చేయి వేడెక్కుతుంది."

"నా చేయి వేడైతే, ఇన్నేళ్ళుగా నువ్వు తింటున్న కూడు ఏమైనట్టు?"

"అందుకేగా ఈ కడుపులో మంట."

నాకు నవ్వొచ్చింది. పెద్దమ్మ నవ్వలేదు. అన్నం బుట్ట మూత పెట్టేసి, మెట్లు దిగి, స్తంభాల మీదున్న ఇంటి కింద కుండల దగ్గరికి వెళ్ళిపోయింది. ఒక్కొక్క కుండ మీది గుడ్డా తీసి చూసి, మళ్ళీ కప్పింది. కుండలన్నీ బాగానే ఉన్నాయి.

శుక్రవారం మా ఇంట్లో అందరూ నిపుణులే. పెదనాన్న పెట్టెను దూలం మీంచి దించి కిటికీకి కట్టాడు. బజారు నుంచి వచ్చిన రిపేరు మనిషి తీగ మార్చి, పెట్టె కూడా మార్చుకుంటే మంచిదన్నాడు. పార్శిల్ కౌంటర్‌లో పని ముగించుకుని వచ్చి నేను బ్రౌజర్‌లో పాత చెత్తంతా తుడిచాను. పాస్‌వర్డ్ మార్చాను. నేనే ప్లగ్గు పెట్టి తెరిచాను. వెబ్‌సైట్ ఠక్కున వచ్చింది. ఎవరి గొప్ప వాళ్ళు చెప్పుకున్నారు. శనివారం పొద్దున పెద్దమ్మ పెట్టింది. ఎర్ర త్రికోణం.

అప్పుడు ఆమెకు కోపం వచ్చింది. పెద్దమ్మ కోపం వస్తే గొంతు తగ్గిస్తుంది.

"ఇక ఎవరూ ముట్టుకోవద్దు," అంది. "నిన్న ఇంతమంది ఇన్ని చేశారు. బాగైనప్పుడు దేనివల్ల బాగైందో మీకు తెలుసా? చెడినప్పుడు దేనివల్ల చెడిందో తెలుసా? పారిపోయిన కుండలో చింతపండూ సున్నమూ సారా అన్నీ ఒకేసారి పోసినట్టు ఉంది మీ వైద్యం. ఒక్కటి మార్చాలి. చూడాలి. అప్పుడు ఇంకొకటి."

"సాయంత్రమే నమూనా పరీక్ష," అన్నాడు పెదనాన్న.

"అందుకే నెమ్మదిగా చెయ్యాలి."

పీట లాక్కుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఎర్ర త్రికోణాన్ని అలాగే ఉంచింది.

"ఏమయ్యా, నీ లాటరీ నంబర్ల పేజీ ఉందిగా. అది ఇందులో పెట్టు."

పెదనాన్న వేళ్ళు ఆ ఒక్క పనికి మాత్రం చురుగ్గా కదులుతాయి. లాటరీ పేజీ వెంటనే వచ్చింది. అది పాతకాలపు పేజీ, మిణుకు మిణుకుమనే పూల బొమ్మలతో.

"ఇది ఎప్పుడైనా రాకుండా పోయిందా?"

"ఇది ఎందుకు పోతుంది?" అన్నాడు పెదనాన్న, ఎవరో తన పరువు తీసినట్టు.

"అయితే లైను ఉంది. నిమ్, నీ ఫోన్‌లో పరీక్షల పేజీ తెరువు." తెరిచాను. వచ్చింది. "అయితే ఆ పేజీ కూడా బతికే ఉంది. లైనూ ఉంది, పేజీ ఉంది. మధ్యలో ఈ లాప్‌టాప్ ఒక్కటే మిగిలింది. నిన్న సాయంత్రం ఇదే లాప్‌టాప్ బాగుంది. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?"

"నిన్న నేను పెట్టాను," అన్నాను.

"చెప్పానుగా, చేయి," అన్నాడు పెదనాన్న. "ఈ ఒక్క పూటా నిమ్ చేత పెట్టించేయ్. ఆదివారం కూడా అదే పెడుతుంది. నువ్వు హాయిగా రాసుకో."

తేలికైన దారి అదే. నేనూ అదే అనుకున్నాను. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది.

"తెలియకుండా బాగైంది తెలియకుండానే చెడుతుంది. రేపు పరీక్ష మధ్యలో చెడితే ఏం చేస్తాను, నిమ్ చేయి పట్టుకుని ఏడవనా? నా కుండలు చూసి చల్లని చేయి అంటారు మీరంతా. పక్కన కూర్చుని చూడనివాళ్ళు అనే మాట అది. చేతిలో ఏముంటుంది, చేయి ఏం చేస్తోందన్న దాంట్లో ఉంటుంది. ప్లగ్గు పీకు నిమ్. మొదటినుంచీ నువ్వు చెయ్యి. నేను చూస్తాను."

నేను పెట్టాను. ఆమె నా ముఖం వంక చూడలేదు, తెర వంకా చూడలేదు. నా వేళ్ళ వంకే చూసింది. వెబ్‌సైట్ తెరుచుకుంది.

"నువ్వు గబగబా చేస్తున్నావు. మళ్ళీ పీకు. పసిపిల్లకు నేర్పినట్టు చెయ్యి."

రెండోసారి చేశాను. మళ్ళీ తెరుచుకుంది. పెద్దమ్మ లేచి, చేతులు కడుక్కుని వచ్చి, నన్ను పక్కకు జరిపింది.

"ఇప్పుడు నా చేయి చూడు. తేడా కనిపిస్తే ఆపు. మొహమాటపడకు."

ప్లగ్గు పెట్టింది. మీట నొక్కింది. నల్ల తెర వచ్చింది. తాను చేస్తున్నది తానే పైకి చెబుతూ నింపడం మొదలుపెట్టింది. గంట, నిమిషం, రోజు, నెల. నాలాగే, నా వరుసలోనే చేసింది. ఏడాది దగ్గర రెండే రెండు గళ్ళున్నాయి.

"అరవై ఏడు," అంది.

"పెద్దమ్మా, ఆగు," అన్నాను. "నేను ఇరవై నాలుగు వేశాను."

ఆమె వేలు మీట మీద ఆగిపోయింది.

"ఎందుకు?"

నేనెప్పుడూ ఆలోచించి వెయ్యలేదు. కౌంటర్‌లో పార్శిళ్ళ యంత్రం బయటి దేశాల లెక్కలో ఏడాది అడుగుతుంది. రోజంతా అదే కొట్టి కొట్టి, యంత్రం కనిపిస్తే వేళ్ళు ఇరవై నాలుగు కొట్టేస్తాయి. కాగితం మీదైతే నేనూ అరవై ఏడే రాస్తాను.

"ఏడాది అరవై ఏడే కదే," అన్నాడు పెదనాన్న, జేబులోంచి లాటరీ టికెట్ తీసి చూపిస్తూ. "బుద్ధుడు పోయి రెండు వేల ఐదు వందల అరవై ఏడు. ఇదిగో, అచ్చేశారు."

"మనకు అదే పెదనాన్నా. దీనికి కాదు. దీని లెక్కలో ఇది రెండు వేల ఇరవై నాలుగు. మనం అరవై ఏడు అంటే అది రెండు వేల అరవై ఏడు అనుకుంటుంది. నలభై మూడేళ్ళు ముందుకు పోతుంది."

"పోతే?"

నాకు అప్పుడే అంతా ఒక్కొక్కటిగా అర్థమవుతోంది. "ప్రతి వెబ్‌సైట్ దగ్గరా ఒక గుర్తింపు కార్డు ఉంటుంది. దాని మీద గడువు తేదీ ఉంటుంది. ఈ లాప్‌టాప్ గేటు దగ్గర కాపలావాడిలా ఆ కార్డు చూస్తుంది. నలభై మూడేళ్ళు గడిచాయని నమ్మిన కాపలావాడికి ఎవరి కార్డు చూపించినా గడువు దాటినట్టే కదా. ఎవరినీ రానివ్వడు. మీ లాటరీ పేజీ కార్డులు పుట్టకముందుది. అడగడు, వదిలేస్తాడు."

పెదనాన్న టికెట్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే అయితే, దొరికింది," అన్నాడు.

"ఇంకా దొరకలేదు," అంది పెద్దమ్మ. "చూడాలి."

ఆ తర్వాత ఆమె చేసింది నేను మర్చిపోలేను. అప్పటికే దొరికిందని నాకు నమ్మకం. నేనైతే అక్కడితో లేచేదాన్ని. ఆమె లేవలేదు. ముందు అరవై ఏడే వేసి చూసింది. ఎర్ర త్రికోణం. ప్లగ్గు పీకి, మిగతావేవీ మార్చకుండా, ఇరవై నాలుగు వేసింది. వెబ్‌సైట్ తెరుచుకుంది. ఆమె ముఖం మారలేదు. మళ్ళీ పీకి అరవై ఏడు వేసింది. ఎర్ర త్రికోణం. మళ్ళీ ఇరవై నాలుగు. తెరుచుకుంది. అప్పుడు పీట మీంచి లేచింది.

"ఏమయ్యా, నువ్వు కూర్చో. ఇరవై నాలుగు వెయ్యి."

"నేనెందుకు? తేలిపోయిందిగా."

"నీ చేయి కంటే వేడి చేయి ఈ ఊళ్ళో లేదు. నువ్వు నాటిన అరటి కూడా ఎండిపోయింది. నీ చేత్తో తెరుచుకుంటే ఇక అనుమానం ఉండదు."

పెదనాన్న సణుగుతూ కూర్చుని, ఒక్కో గడీ తడుముకుంటూ నింపాడు. తెరుచుకుంది. పెద్దమ్మ అప్పుడు నవ్వింది. మొదట చిన్నగా, తర్వాత చేయి నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. తప్పు తనదే అని తేలినందుకు ఆమె ముఖంలో ఎక్కడా చిన్నతనం కనబడలేదు.

"పాపం దీన్ని ఎన్ని తిట్లు తిట్టాను," అంది లాప్‌టాప్ అంచు మీద చేయి వేసి. "నేను చెప్పిన ఏడాదిని నమ్మి, నా కోసం లోకాన్నంతా గుమ్మం బయట నిలబెట్టింది."

అప్పుడు నేను ఫోన్‌తో ఎర్ర త్రికోణం కింది ఇంగ్లీషును చదివించాను. చివరి వరుసలో, మీ కంప్యూటర్ తేదీ సరిగా ఉందో లేదో చూసుకోండి అని ఉంది.

సాయంత్రం నమూనా పరీక్షలోకి పెద్దమ్మ తన చేత్తోనే వెళ్ళింది. అరునీ టీచర్ ఆదివారం జాబితాలో ఆమె పేరు ఉంచింది. కంసింగ్ మాత్రం రాలేదు. ఆయన మాకు చుట్టం కాదు. ఊరి అవతలి చివర ఉంటాడు, కొన్నేళ్ళు భిక్షువుగా ఉండి వచ్చినవాడు. విహారం నోటీసు పలక మీద తేదీలు రాసేది ఆయనే. అదే చదువు, అదే రకం లాప్‌టాప్.

పెద్దమ్మ ముందు టీచర్‌కు సంగతంతా చెప్పి, కంసింగ్ పేరు మార్చడానికి కాసేపు ఆగమంది. టీచర్ సరేనని, అవతల నవ్వుతూ, "అక్కా, మా ఇంట్లో పాత కంప్యూటర్‌కు మా అమ్మ కూడా అదే వేస్తుంది కాబోలు, ఇప్పుడే చూస్తాను," అంది. తర్వాత పెద్దమ్మ కంసింగ్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"అన్నా, ఏడాది దగ్గర ఇరవై నాలుగు వెయ్యి."

"అరవై ఏడు కదమ్మా."

"తెలుసు. దానికి ఇరవై నాలుగు చెప్పు."

"లేని ఏడాది ఎలా చెబుతాను? అబద్ధం రాసి పరీక్షకు కూర్చోమంటావా? రేపు విహారంలో పలక మీద కూడా నా ఇష్టం వచ్చిన ఏడాది రాయనా?"

పెదనాన్న తల పట్టుకున్నాడు. పెద్దమ్మ తొందరపడలేదు.

"అన్నా, నది అవతల లావోస్‌లో మీ చెల్లెలు ఉంది కదా. వాళ్ళ ఊళ్ళో ఇప్పుడు ఏ ఏడాది?"

"ఇరవై నాలుగు."

"మీ చెల్లెలు అబద్ధాలకోరా?"

"దాని సంగతి వేరు. అది చిన్నప్పటినుంచీ అంతే."

"నీ లాప్‌టాప్ కూడా ఆ పిల్ల లాంటిదే అనుకో. అవతలి గట్టు మనిషి. ఆమెతో మాట్లాడేటప్పుడు ఆమె లెక్కలో చెబుతావుగా."

చాలాసేపు ఊపిరి, మీటల చప్పుడు వినిపించాయి. తర్వాత, "తెరుచుకుంది," అన్నాడు, ఎవరో మోసం చేసినట్టు.

ఆదివారం పొద్దున్నుంచీ వాన. పెద్దమ్మ స్నానం చేసి, చదువు కేంద్రం తెల్లచొక్కా వేసుకుని కూర్చుంది. పెదనాన్న కోళ్ళను కూడా ఇంటి వెనక్కి తోలేశాడు. థాయ్ భాష, సామాన్య జ్ఞానం చకచకా అయిపోయాయి. లెక్కల్లోకి వెళ్ళిన కాసేపటికి ఫోన్ మోగింది. కంసింగ్.

"అమ్మాయ్, మా వైపు కరెంటు పోయి వచ్చింది. మళ్ళీ నల్ల తెర. గళ్ళన్నీ కలిసిపోతున్నాయి. నెల దగ్గర ఇరవై నాలుగు పడింది, తీసుకోనంటోంది."

"నాకివ్వు పెద్దమ్మా, నేను చెబుతాను," అన్నాను.

"నీ మాట ఆయన వినడు. వాదిస్తాడు." ఫోన్ చెవికి, భుజానికి మధ్య ఇరికించుకుంది. "అన్నా, కంగారు పడకు. ఇప్పుడు గీత ఎక్కడ మిణుకుతోంది? చదువు. ఆ, దాన్ని చెరుపు."

"పరీక్షలో మాట్లాడకూడదు కదే," అన్నాడు పెదనాన్న గుసగుసగా.

"లెక్కలు చెప్పట్లేదు, తేదీ చెబుతున్నాను."

ఆయన ప్రతి గడీనీ పైకి చదివాడు. ప్రతిదానికీ ఎందుకని అడిగాడు. ఆమె ప్రతిదానికీ చెప్పింది. తెర మూలన పరీక్ష గడియారం తరిగిపోతోంది. నేను దాన్నే చూస్తూ గోళ్ళు కొరుక్కున్నాను. ఆమె కూడా చూస్తోంది. నాకది తెలుసు. గొంతు మాత్రం, నిద్రలోంచి ఏడుస్తూ లేచిన పసివాణ్ణి బుజ్జగిస్తున్నప్పటిలాగే ఉంది. చివరికి ఆయన లోపలికి వెళ్ళాడు. పెద్దమ్మ ఫోన్ బోర్లా పెట్టి లెక్కల్లో పడింది. ఆఖరి పేజీ సగంలో ఉండగా పరీక్ష మూసుకుంది.

ఆమె ఆ మూసుకున్న తెరను కాసేపు చూసింది. "రాసినవి వచ్చినవే రాశాను," అని లేచి ప్లగ్గు పీకింది. ఆ రోజంతా మామూలుగానే ఉంది. రంగు వేయాల్సిన నూలు మాత్రం ముట్టుకోలేదు. అది నేను గమనించాను.

ఫలితాలు వచ్చిన రోజు నేనే తెరిచి చదివాను. పాసైంది. లెక్కల్లో అంచు మీద నిలబడింది. ఇంకొక్క ప్రశ్న పోయుంటే ఆ ఉద్యోగం పోయేది. పెద్దమ్మ ఆ అంకె మీద వేలు పెట్టి, కుండలో ముంచినప్పటిలా ఎటో చూసి, తల ఊపింది. మర్నాడే కాగితం పట్టుకుని పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి ఉద్యోగం పక్కా చేయించుకుని వచ్చింది.

ఆ సాయంత్రం కంసింగ్ అరటిపండు పెట్టి ఆకులో ఉడికించిన జిగురన్నం పొట్లాలు తెచ్చాడు. ఆయనా పాసయ్యాడు. చాప మీద కూర్చుని, ఫోన్ బారెడు దూరాన పట్టుకుని, తన మార్కులు మాకు చదివి వినిపించాడు. తర్వాత పెద్దమ్మవి అడిగి తెలుసుకున్నాడు.

"లెక్కల్లో నీకంటే నాకే బాగా వచ్చాయి, చూశావా?" అన్నాడు, ముఖమంతా వెలిగిపోతూ.

పెదనాన్న ఏదో అనడానికి నోరు తెరిచాడు. పెద్దమ్మ పొట్లం విప్పి అతని చేతిలో పెట్టింది.

"చూశాను అన్నా," అంది. "లెక్కలు నీకు మొదటినుంచీ వచ్చు."